బైపీసీ తర్వాత ఆరోగ్య మనస్తత్వ శాస్త్రం: ఏం చదువుతారు, ఏమవుతారు, ఏం కాలేరు

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. అమలాపురం దగ్గర పల్లెలో ఇంటర్ బైపీసీ పూర్తి చేశారు, నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు, మరో ఏడాది కోచింగుకు కూర్చునే ఓపిక లేదు. మనస్తత్వ శాస్త్రం, అందులోనూ మనిషి ఆరోగ్యం, క్షేమం వైపు వెళ్ళే చదువు చదవాలని ఉంది. ఇంట్లో నాయనమ్మగారు "పిచ్చి డాక్టరు చదువా" అంటున్నారు, నాన్నగారు "ఉద్యోగం ఏం వస్తుంది" అంటున్నారు. ఈ చదువుతో వైద్యం చేయవచ్చా అన్నది మీ సొంత అనుమానం.

సూటిగా చెబుతాను. చదవండి, మంచి చదువు. కానీ మామూలు డిగ్రీతోనో, ఆపైన రెండేళ్ళ ఎం.ఏ. సైకాలజీతోనో మానసిక రోగులకు చికిత్స చేసే అర్హత రాదు. దానికి వేరే దారి ఉంది, అది పొడుగైనది, సీట్లు తక్కువ. మందులు రాసే అధికారం మాత్రం ఈ దారిలో ఎంత దూరం వెళ్ళినా రాదు. అది ఎంబీబీఎస్ చదివి, ఆపైన సైకియాట్రీ చేసినవారి పని. నీట్‌లో పోయినది ఇక్కడ దొడ్డిదారిన దొరుకుతుందన్న ఆశ మనసులో ఏ మూలనైనా ఉంటే దాన్ని ఇప్పుడే తీసేయండి. ఆ ఆశతో చేరిన పిల్లలు రెండో ఏడాదికల్లా నీరసించిపోవడం నేను చాలాసార్లు చూశాను.

నేను విశాఖపట్నంలో ఈ చదువు చదివి, ఇరవై ఏళ్ళకు పైగా మన డెల్టాలోనే డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. వారంలో రెండు పూటలు ఒక మధుమేహ వైద్యుని క్లినిక్‌లో రోగులతో కూర్చుంటాను. అందువల్ల నేను చెప్పేది ఆ రెండు కుర్చీల నుంచి కనిపించినది మాత్రమే.

ముందు ఈ శాఖ దేని గురించో చూద్దాం. "సైకాలజీ" అనగానే అందరికీ మానసిక రోగమే గుర్తొస్తుంది. ఆరోగ్య మనస్తత్వ శాస్త్రానికి ముఖ్యంగా కావలసింది ఒంటి జబ్బు: షుగర్, బీపీ, గుండెపోటు, క్షయ, కాన్సర్. జబ్బు రావడంలో, ముదరడంలో, తగ్గడంలో మనిషి అలవాటు, నమ్మకం, భయం, కుటుంబం ఎంత పాత్ర వహిస్తాయన్నది దాని ప్రశ్న. అమెరికాలో జార్జ్ ఎంగెల్ అనే వైద్యుడు 1977లో, రోగాన్ని శరీరం ఒక్కదానితోనే కాక మనసుతోనూ సమాజంతోనూ కలిపి చూడాలని వాదించాడు. ఆ మరుసటి సంవత్సరమే అక్కడి మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘంలో ఈ శాఖకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. అంటే ఇది ఇంకా యాభై ఏళ్ళు నిండని చదువు.

మన ప్రాంతానికి దీని అవసరం ఎంతో చెప్పడానికి ఒక్క విషయం చాలు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణ కారణాలను పరిశీలించి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, దాదాపు మూడో వంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే అని తేలింది. పల్లెటూరి చావుకు కారణం అంటురోగమే అన్న పాత లెక్క అప్పటికే తప్పిపోయింది. ఈ జబ్బుల్లో మందు కనిపెట్టడం సగం పని మాత్రమే. ఆ మందును ముప్పై ఏళ్ళపాటు రోజూ వేసుకునేలా చేయడం రెండో సగం, ఆ సగంలోనే మన పని ఉంటుంది.

ఒక ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే పుస్తకంలోని నిర్వచనం కంటే ఇదే మీకు చదువు రుచి చూపిస్తుంది. కొన్నేళ్ళ క్రితం గోదావరి మధ్యలోని లంక గ్రామం నుంచి ఒక దింపు కార్మికుడు, అంటే చెట్టెక్కి కొబ్బరికాయలు దింపే ఆయన, క్లినిక్‌కి వచ్చేవారు. వయసు యాభై దాటింది. మూడు నెలలకొకసారి చేసే షుగర్ పరీక్ష ప్రతిసారీ ఎక్కువే చూపేది. డాక్టరుగారు కోప్పడేవారు, ఆయన తల ఊపేవారు, మందు మోతాదు పెరిగేది. చివరికి "మీరొకసారి మాట్లాడండి" అని నా దగ్గరకు పంపించారు. నేను మొదట చేసిన పని, మాత్ర గురించి అడగకుండా ఆయన రోజు ఎలా గడుస్తుందో అడగడం. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తారు, టీ తాగుతారు, అయిదున్నరకల్లా తోటలో ఉంటారు, పదింటికి గానీ చద్దన్నం తినరు. మరి మాత్ర ఎప్పుడు అన్నాను. చాలాసేపు పంచె అంచు నలుపుతూ కూర్చుని, "ఇంటికాడున్న రోజు ఏసుకుంటానండి. దింపున్న రోజు ఏసుకోనండి. ఓసారి ఏసుకుని చెట్టెక్కితే, పైకెళ్ళాక కళ్ళు తిరిగిపోయినాయండి. మట్ట పట్టుకుని అలాగే ఉండిపోయేనండి" అన్నారు. వారంలో అయిదు రోజులు దింపే.

ఆ మాత్ర పరగడుపున వేసుకుని తిండి ఆలస్యం చేస్తే షుగర్‌ను బాగా దించేసే రకం. అరవై అడుగుల ఎత్తున కళ్ళు తిరగడం కంటే షుగర్ పెరగడమే మేలని ఆయన లెక్క వేసుకున్నారు. ఆ లెక్కలో తప్పు నాకు కనిపించలేదు. డాక్టరుగారికి ఎందుకు చెప్పలేదంటే, కోప్పడతారని. డాక్టరుగారు మందు మార్చారు, పొద్దున్న టీతో పాటు రెండు ఇడ్లీలు తినే ఏర్పాటు చేసుకున్నారు, రెండు పరీక్షలు తిరిగేసరికి అంకెలు దిగివచ్చాయి. కేసు కాగితం మీద అంతకు ముందు రాసి ఉన్న మాట "నిర్లక్ష్యం".

తెలియక చేయనివారు తక్కువ, తెలిసీ చేయనివారే ఎక్కువ, వారి దగ్గర కారణం ఉంటుంది. మీరు చదవబోయే సిద్ధాంతాల్లో సగం ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి. 1950 దశకంలో అమెరికా ప్రజారోగ్య శాఖ క్షయను ముందే పట్టుకోవడానికి ఎక్స్‌రే వ్యానులను వీధుల్లోకి పంపి ఉచితంగా పరీక్షలు చేస్తామంటే జనం అనుకున్నంతగా రాలేదు. ఎందుకు రాలేదని వెతికిన వారే "ఆరోగ్య విశ్వాస నమూనా"ను తయారుచేశారు. ఆ జబ్బు నాకు వస్తుందా, వస్తే ఎంత ప్రమాదం, ఈ పని చేస్తే లాభమెంత, చేయడానికి అడ్డేమిటి అన్న ప్రశ్నలకు మనిషి లోలోపల చెప్పుకునే జవాబులను బట్టి అతని నడవడి ఉంటుందని దాని సారం. మన దింపు కార్మికుని కథను ఆ ప్రశ్నల్లో పెట్టి చూడండి, సరిగ్గా అమరుతుంది.

ఇదే లెక్క వరదకూ వర్తిస్తుంది. ధవళేశ్వరం వద్ద 17 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో అక్కడ ప్రవాహం 25 లక్షలు దాటింది. మీరు కోనసీమలోనే ఉన్నారు కాబట్టి, హెచ్చరిక విన్న తర్వాత కూడా లంకల్లోంచి కదలని ఇళ్ళు మీకూ తెలిసే ఉంటాయి. గేదెలను ఎక్కడ కడతాం, 1986 వరదలోనే ఇంట్లోకి రాని నీళ్ళు ఇప్పుడొస్తాయా, పునరావాస కేంద్రంలో ఆడపిల్లలతో ఎలా ఉంటాం అంటారు. దీన్ని మొండితనం అని కొట్టిపారేయడం సులభం. ప్రమాదాన్ని మనుషులు ఎలా తూకం వేస్తారన్నది ఈ చదువులో ఒక పూర్తి అధ్యాయం.

ఇక తరగతిలో ఏముంటుందో చెప్పాలి. ఇక్కడే చాలామంది తడబడతారు. మాట్లాడి ఓదార్చడం నేర్పుతారని అనుకుని వస్తే, మొదటి ఏడాది ఎదురయ్యేది మెదడు, నాడీ వ్యవస్థ, జ్ఞాపకం, అభ్యాసం. వెనుకనే గణాంక శాస్త్రం. బైపీసీ వారికి మెదడు పాఠాలు తేలిక, అది మీకున్న మేలు. గణాంకాలకు మాత్రం లెక్కల భయం వదిలించుకోవాలి. మిమ్మల్ని నేను బతిమాలేది ఒకటే: గణాంక శాస్త్రాన్ని పాసు మార్కుల కోసం చదవకండి. సంతోషంగా ఉండేవారికి బీపీ తక్కువగా ఉందని ఒక సర్వే చెబితే, సంతోషం వల్ల బీపీ తగ్గిందా, ఒళ్ళు బాగుండబట్టి సంతోషంగా ఉన్నారా, లేక చేతిలో డబ్బుండటం వల్ల రెండూ కలిగాయా అని అడగగలిగినవారే ఈ చదువు చదివినట్టు. మిగిలినవారు వాట్సాప్‌లో వచ్చే ఆరోగ్య సూక్తులను పట్టా పెట్టుకుని పంచుతున్నారంతే.

మీ ప్రశ్నలో "క్షేమం" అన్న మాట ఉంది కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. దాన్ని కొలిచే ప్రయత్నం గట్టిగానే జరిగింది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్ డీనర్, ఆయన సహచరులు 1985లో అయిదే అయిదు వాక్యాలతో జీవిత సంతృప్తి మాపనిని, అంటే దాన్ని కొలిచే ప్రశ్నావళిని, ప్రచురించారు. ప్రతి వాక్యానికి ఒకటి నుంచి ఏడు వరకు అంకె ఇవ్వాలి. అక్కడిదే మరో శాస్త్రవేత్త కేరల్ రిఫ్ 1989లో సంతోషం ఒక్కటే చాలదంటూ ఆరు పార్శ్వాలు చూపింది: తనను తాను ఒప్పుకోవడం, ఇతరులతో మంచి సంబంధాలు, సొంత నిర్ణయశక్తి, పరిసరాలపై పట్టు, బతుకుకు ఒక ప్రయోజనం, ఎదుగుదల. చదవడానికి బాగుంటాయి. వీటిని పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళినప్పుడే అసలు చదువు మొదలవుతుంది.

మా విద్యార్థినులు ఇద్దరు ఒకసారి ఇలాంటి ప్రశ్నావళినే తెలుగు చేసుకుని రావులపాలెం వైపు ఒక ఊరికి వెళ్ళారు. అరవై అయిదేళ్ళ ఒక అమ్మగారు, భర్త లేరు, కొడుకూ కోడలితో ఉంటారు. సొంత నిర్ణయాలు తీసుకోగలరా అన్న ప్రశ్నకు "అబ్బాయిని అడక్కుండా నేనెందుకు చేస్తానమ్మా" అన్నారట. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో దిగులేమీ లేదని, నవ్వుతూ పనస తొనలు పెట్టారని పిల్లలు చెప్పారు. మాపని ప్రకారం ఆమెకు ఆ పార్శ్వంలో అతి తక్కువ మార్కులు. ఆమె క్షేమంగా లేనట్టా? లేక కొడుకుని అడగడమే ఆమెకు గౌరవమా? లేక అడగక తప్పని స్థితికి అలవాటుపడి నవ్వుతున్నారా? మూడింటికీ అవకాశం ఉంది. తరగతిలో ఆ ఒక్క జవాబు మీద రెండు గంటలు వాదించుకున్నాం, తేలలేదు.

భాష మరో చిక్కు. కుంగుబాటును అంచనా వేయడానికి ప్రపంచమంతటా వాడే తొమ్మిది ప్రశ్నల పత్రం ఒకటుంది, పీహెచ్‌క్యూ-9 అంటారు. గత రెండు వారాల గురించి అడుగుతుంది, ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు, మొత్తం 27. ఇలాంటి పత్రాల్లోని మాటలను "నిరుత్సాహం", "నిస్పృహ" అని తెలుగు చేసి చదివితే మన పల్లెల్లో సగం మంది మొహం చూస్తూ ఉండిపోతారు. "ఒళ్ళు బరువుగా ఉంటుందండి", "గుండె దడండి", "దేని మీదా ధ్యాస లేదండి" అంటారు. తల్లి కువైట్‌లో పనికి వెళ్ళిన పిల్లవాడు అన్నం మానేస్తే నాయనమ్మ "బెంగ పెట్టుకున్నాడు" అంటుంది. దిగులు వేరు, బెంగ వేరు. బెంగకు ఎదురుగా ఒక మనిషి ఉండాలి, దిగులుకు అక్కరలేదు. ఈ తేడా ఏ ఇంగ్లీషు పత్రంలోనూ లేదు. మీరు తెలుగు పల్లెలో పుట్టి ఈ చదువుకు వస్తున్నారంటే, పెద్ద నగరాల్లో ఇంగ్లీషులో చదువుకున్నవారికి లేని ఆస్తి మీ దగ్గర ఉన్నట్టే.

ఒక జాగ్రత్త. ఆ తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. ఎవరైనా "అవును" అంటే మరుక్షణం ఏం చేయాలో, ఎవరికి అప్పగించాలో తెలియకుండా ఆ పత్రం ఎవరి ముందూ పెట్టకూడదు. సరదాకి స్నేహితుల మీద ప్రయోగించవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలిమానస్ నంబరు 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. అది మీ ఫోనులో ఇవాళే దాచుకోండి.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఎం.ఏ. పట్టా చేతికొచ్చిన కొత్తలో, బంధువుల ద్వారా ఒక అమ్మాయిని నా దగ్గరకు తీసుకొచ్చారు. దేని మీదా ఆసక్తి లేదు, ఎంత పడుకున్నా నీరసం, ఊరికే ఏడుపు, పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. కథ నాకు స్పష్టంగా అర్థమైపోయిందనుకున్నాను. పెళ్ళి ఒత్తిడి అని తేల్చి ఆరు వారాలు కూర్చోబెట్టి మాట్లాడాను. ఏడో వారం వాళ్ళ మేనత్త, ఆవిడ నర్సు, మెడ చూసి రక్త పరీక్ష చేయించింది. థైరాయిడ్ బాగా తగ్గిపోయి ఉంది, రక్తం కూడా తక్కువే. మాత్రలు మొదలుపెట్టాక నెలా రెండు నెలల్లో ఆ అమ్మాయి తేరుకుంది. ఒంటిని మరచి మనసును చూడటం, మనసును మరచి ఒంటిని చూడటమంత తప్పే. అప్పటినుంచి నా దగ్గరకు వచ్చిన ఎవరినైనా ముందు వైద్యుని దగ్గరకు వెళ్ళి రమ్మంటాను. కొందరు చిన్నబుచ్చుకుంటారు, అయినా తప్పదు.

ఇప్పుడు నియమాలు. "క్లినికల్ సైకాలజిస్ట్" అన్న పేరుతో చికిత్స చేయాలంటే 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో, నమోదు ఉండాలి. నమోదు లేకుండా చేస్తే ఏడాది దాకా జైలు, జరిమానా ఆ చట్టంలో ఉన్నాయి. నమోదుకు ఎన్నో ఏళ్ళుగా ఉన్న దారి ఎం.ఏ. తర్వాత మండలి గుర్తించిన సంస్థలో రెండేళ్ళ ఎం.ఫిల్. అయితే 2022లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అంటే యూజీసీ, దేశమంతటా ఎం.ఫిల్.ను రద్దు చేసింది; తర్వాత క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు మాత్రం 2025-26 ప్రవేశాల వరకు సడలింపు ఇచ్చింది. ఎం.ఫిల్. బదులు ఆర్‌సీఐ గుర్తింపుతో క్లినికల్ సైకాలజీలోనే కొత్త కోర్సులు వస్తున్నాయి. కాబట్టి అయిదేళ్ళ క్రితం చదివిన అక్క చెప్పిన దారి మీకు పనికిరాకపోవచ్చు. ఏ కళాశాలలో చేరే ముందైనా, ఆ కోర్సుకు ఆ ఏడాదికి గుర్తింపు ఉందో లేదో ఆర్‌సీఐ జాబితాలో మీ కళ్ళతో చూసుకోండి. ప్రాస్పెక్టస్‌లో రాసిన మాట చాలదు.

దూరవిద్య ఆలోచన ఉంటే మానేయండి. ఇంటి దగ్గర కూర్చుని సైకాలజీ ఎం.ఏ. చేసినవారు మన వైపు చాలామందే ఉన్నారు. కానీ 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చాక, 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. నన్నడిగితే ఇది మంచిదే. మనుషులను చూడకుండా ఈ చదువు ఎలా వస్తుంది?

ఎక్కడ చదవాలన్నదానికి నా సమాధానం చిన్నదే. నేను చూసినంతలో మన డెల్టా డిగ్రీ కళాశాలల్లో సైకాలజీ ప్రధానాంశంగా ఉన్నవి తక్కువ, కనుక ఇల్లు కదలక తప్పకపోవచ్చు. ఇంటర్ తర్వాత నేరుగా చేరగల అయిదేళ్ళ సమీకృత ఎమ్మెస్సీ, అదీ ఆరోగ్య మనస్తత్వ శాస్త్రం పేరుతోనే, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఉంది. అక్కడ దీనికి ప్రత్యేక కేంద్రమే ఉంది. కేంద్రీయ విశ్వవిద్యాలయం కనుక సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. మీ ప్రశ్నకు నేరుగా సరిపోయేది అదే, సీటు వస్తే మరో ఆలోచన వద్దు. రాకపోతే ఏదైనా డిగ్రీలో సైకాలజీ చదివి, పీజీకి ఆంధ్ర విశ్వవిద్యాలయానికో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికో వెళ్ళవచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ విభాగం పేరులో "పారాసైకాలజీ", అంటే అతీంద్రియ శక్తుల పరిశీలన, అని కనిపిస్తే కంగారుపడకండి. 1960 దశకంలో ఆచార్య కోనేరు రామకృష్ణారావుగారు దాన్ని నెలకొల్పిన నాటి పేరు అది, దయ్యాల చదువు కాదు. నాయనమ్మగారికి మాత్రం ఆ పేరు చెప్పకండి.

ఉద్యోగాల గురించి నాన్నగారికి దాచకుండా చెప్పండి. డిగ్రీ ఒక్కదానితో చెప్పుకోదగ్గ ఉద్యోగం లేదు. పీజీ తర్వాత హెచ్ఐవీ పరీక్షా కేంద్రాల్లో, కౌమార ఆరోగ్య క్లినిక్‌లలో, మద్యం మాన్పించే కేంద్రాల్లో, పాఠశాలల్లో కౌన్సెలర్ పనులు ఉంటాయి. ఎదుగుదల లోపాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో సైకాలజిస్టు పోస్టు ఉంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో క్లినికల్ సైకాలజిస్టు పోస్టు ఉంది, దానికి పైన చెప్పిన నమోదు కావాలి. వీటిలో చాలావరకు కాంట్రాక్టువే, జీతం మొదట్లో నిరాశపరుస్తుంది. నా దగ్గర చదివినవారిలో బాగా నిలదొక్కుకున్నవారు, గణాంకాలు గట్టిగా నేర్చుకుని ఆరోగ్య పరిశోధన ప్రాజెక్టుల్లోకి వెళ్ళినవారు. నేను పైన గణాంకాల గురించి బతిమాలడానికి ఇదీ ఒక కారణం.

నాయనమ్మగారి మాటకు కోపం తెచ్చుకోకండి. ఆవిడకు షుగరో బీపీనో ఉండే ఉంటుంది. మాత్రలు ఏ పూట మానేస్తున్నారో, ఎందుకు మానేస్తున్నారో, కోప్పడకుండా, సలహా ఇవ్వకుండా, ఒక సాయంత్రం కూర్చుని అడగండి. తర్వాత మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగి రెండు రోజులు ఆమె వెంట ఇళ్ళకు తిరగండి. విన్న మాటలను విన్నట్టుగానే, మీ భాషలోకి మార్చకుండా, ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పదో ఇంటికి విసుగు పుడితే డిగ్రీలో వేరే సబ్జెక్టు చూసుకోవడానికి ఇంకా సమయం ఉంది. పుట్టకపోతే, సీయూఈటీ దరఖాస్తు గడువు ఎప్పుడో చూసుకుని ఆ నోటుపుస్తకం దాచి ఉంచండి. రెండో ఏడాది ప్రాజెక్టుకు పనికొస్తుంది.